కడబంతిలో మణెమ్మ

మణెమ్మ రాజరికం చేసిన రోజున అందరికంటే ముందే తిన్నదని నల్లగుట్లపాడులో ఒక మాట ఉంది. ఏం తిన్నది, ఎక్కడ తిన్నది అనే దగ్గరే ఇద్దరికి పొసగదు. షబ్బీర్ టీ బండి దగ్గర ఆ మాట పుట్టినప్పుడు అది ఒక్క ముద్ద. దుర్గి బస్సు ఎక్కేసరికి నాలుగు ఇడ్లీలు అయింది. మాచర్లలో దిగేసరికి కోడి పలావు అయింది. అక్కడ పెళ్ళికి వచ్చిన ఎవరో దాన్ని విని, మళ్ళీ మోసుకొచ్చి ఈ ఊరివాళ్ళకే కొత్త కబురులాగా చెప్పాడు.

"మీ ఊళ్ళో ఎవరో ఆడమనిషి పాగా చుట్టుకుని, బర్రెల చాటున కూర్చుని, బేసినెడు పలావు తిన్నదంటగా?"

చెప్పేవాడి వెనకే మణెమ్మ నిలబడి టీ తాగుతోంది.

"బేసిను కాదు నాయనా, డేగిసా," అన్నది. "ఎముకలు కూడా వదల్లేదంట. ఆ బర్రెల్ని అడుగు, సాక్ష్యం చెప్తయి."

నవ్వింది, గ్లాసు కడిగి పెట్టింది, వెళ్ళిపోయింది. కాదని మాత్రం అనలేదు. కాదనకపోతే ఊరు ఊరుకుంటుందా? అవునన్నట్టే లెక్క.

అయినా జనం నమ్మారంటే అందులో జనం తప్పు అంతగా లేదు. మణెమ్మ ముందు తినే మనిషన్న సంగతి ఊరందరికీ తెలిసిందే.

ఆమె పుట్టిల్లు అచ్చంపేట అవతల, కృష్ణ ఒడ్డున. పెద్ద సంసారంలో ఆఖరి పిల్ల. ఆ ఇంట్లో ముందు మగవాళ్ళు తినేవాళ్ళు, తర్వాత చుట్టాలు, తర్వాత మగపిల్లలు, తర్వాత నాయనమ్మ. అమ్మా, మణెమ్మా కూర్చునేసరికి కుండలో మాడు, చట్టిలో వాసన మిగిలేవి. గురవయ్యను చేసుకుని నల్లగుట్లపాడు వచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె కంచం తీసుకుని, అన్నం పెట్టుకుని, వసారా మధ్యలో కూర్చుని తినటం మొదలుపెట్టింది. అత్త బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"ఏమే, ఇదేం చోద్యమే! మొగుడు ఇంకా పళ్ళు తోముతుండె."

"తోమనీ అత్తా. నువ్వూ కంచం తెచ్చుకో, ఇద్దరం తిందాం."

ఆమెకి తన లెక్క తనకుంది. "ఇంటి ఆడది ముందు తింటే అన్నం చాలకపోతే తెలిసిపోద్ది, మళ్ళీ ఎసరు పెడతారు. ఆఖర్న తింటే చాలకపోయినా ఎవరికీ తెలవదు. చెంబెడు నీళ్ళు తాగి పడుకుంటది, ఇంట్లో అంతా చల్లగా ఉందనుకుంటారు." ఈ మాట కొత్తకోడలుగా ఉన్నప్పుడే అన్నదో, తర్వాత కుదుర్చుకున్నదో గాని, అత్త కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, ఆ తర్వాత మెల్లగా తన కంచం కూడా తెచ్చుకోవటం మొదలుపెట్టింది.

గురవయ్య లారీ డ్రైవరు. నెమ్మదస్తుడు. ఇంట్లో మాట్లాడాల్సినవన్నీ మణెమ్మే మాట్లాడేసేది గనక ఆయన హారన్‌తో సరిపెట్టుకునేవాడు. ఆమె మిరపకాయ తొడిమలు తీసే పనికి ఆడవాళ్ళను పోగేసి, ఆటో ఎక్కించి, కోల్డు స్టోరేజీలకు తీసుకుపోయే మేస్త్రీ. ముక్కుకి గుడ్డ కట్టుకుని, కళ్ళు మండుతుంటే తుడుచుకుంటూ పొద్దస్తమానం చేసే పని. అక్కడా ఆమెది అదే పద్ధతి. ముందు అందరూ టిఫిను తినాలి, తర్వాతే కాయ ముట్టుకోవాలి. గుమాస్తా కసిరితే, "ఆకలిగా ఉన్న చెయ్యికి కాయేదో తొడిమేదో తెలవదు. నీ సరుకే పాడవుద్ది. నీ ఇష్టం," అనేది.

తిండితోపాటు ఇంకో సంగతికి కూడా ఆమెకి పేరుంది. మణెమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. సర్పంచి వీరయ్య మొదటిసారి పోటీ చేసినప్పుడు, ఆడవాళ్ళ తరఫున నాలుగు ముక్కలు చెప్పమని ఆమె చేతికి మైకు ఇచ్చారు. "మా వీరయ్య మామ జుట్టు ఎంత నలుపో, మనసు అంత తెలుపు. జుట్టు నలుపు నిన్న సాయంత్రం నుంచి, మనసు తెలుపు మాత్రం మొదట్నుంచీ!" అన్నది. పొగుడుదామనే మొదలుపెట్టింది పాపం. వీరయ్య గెలిచాడు గాని, ఆ నవ్వు ఆయన చెవుల్లోంచి ఇంకా పోలేదు.

ఇక రాజరికం సంగతి.

ఊరి వెనక నల్లగుట్ట మీద ఇప్పుడు తుమ్మచెట్లు, నాపరాళ్ళు, ఒక సెల్ టవరు ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ మట్టికోట ఉండేదని, దాన్నొక రాజు ఏలాడని చెప్పుకుంటారు. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు. అందరూ కడబంతి రాజు అంటారు. రోజూ మధ్యాహ్నం కోట మెట్టు మీదికి వచ్చి, "తినని వాళ్ళు ఎవరన్నా ఉన్నారా?" అని మూడుసార్లు అడిగేవాడట. ఎవరూ లేరంటేనే ఆఖరి బంతిలో కూర్చుని విస్తరి ముందు వేసుకునేవాడట.

ఒకసారి ఏనుగులున్న పెద్ద రాజొకడు వచ్చి కోటని చుట్టుముట్టాడు. ఆకలికి తాళలేక లోపలివాళ్ళే తలుపు తీస్తారని కాచుకు కూర్చున్నాడు. నెలలు గడిచాయి. తలుపు తెరుచుకోలేదు. చివరికి వేగుని పంపాడు. వాడు తిరిగొస్తే, "లోపల అందరికంటే చిక్కిపోయినవాడు ఎవడు?" అని అడిగాడు. "రాజే, ప్రభూ. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు," అన్నాడు వేగు. "అయితే ఆ తలుపు లోపల్నుంచి తెరుచుకోదు. పదండి," అని ఆ పెద్ద రాజు ఏనుగుల్ని తోలుకుని వెళ్ళిపోయాడట.

ఇంకో ముక్క కూడా చెబుతారు. తలారి ఒకనాడు రాజు దగ్గరికి వచ్చి, "కొందరు తిని కూడా తినలేదంటున్నారు దొరా, ఇళ్ళల్లో కుండలు వెతకమంటారా?" అన్నాడట. "అడగటం వరకే నా పని," అన్నాడట రాజు. "కుండలు వెతికితే రేపట్నుంచి నిజంగా తిననివాడు కూడా నోరు తెరవడు."

ఆ చుట్టుపక్కల ఆయనకంటే పెద్ద కోటలు కట్టినవాళ్ళు, ఎక్కువ ఊళ్ళు ఏలినవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు. వాళ్ళ పేర్లు బడిపిల్లలు పరీక్షకి చదివి, సాయంత్రానికి మర్చిపోతారు. పేరైనా మిగలని ఈ రాజుని మాత్రం నల్లగుట్లపాడు అన్నం దగ్గర కూర్చున్నప్పుడల్లా తలుచుకుంటుంది. ఊరి మొగదల ఆయనకొక రాతిబొమ్మ ఉంది. ఏనాడో దుర్గి శిల్పులు చెక్కింది. కత్తి లేదు, కిరీటం లేదు. బాసింపట్టు వేసుకున్న బక్క మనిషి, ముందు ఖాళీ విస్తరి.

ఫాల్గుణంలో ఆఖరి సోమవారం ఆయన పండగ. ఆ రోజు ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు. అందరికీ కలిపి రాతిబొమ్మ ముందరే వంట. వెలిగించిన ఇంటి గడప ఏడాదిపాటు ఎవరూ తొక్కరు, పేరంటానికీ పోరు, పిలవరూ. గ్యాసు పొయ్యి పొయ్యి కిందికి వస్తుందా రాదా అని కొన్నేళ్ళు వాదించుకుని, చివరికి వస్తుందని తేల్చారు. మొదటి బంతిలో ఒట్టిమనుషులు కానివాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. కడబంతిలో ఆ ఏటి రాజు ఒక్కడే. ఇంటి యజమానుల పేర్లు చీటీల మీద రాసి, చెంబులో వేసి తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళు ఆ పూటకి రాజు. పాగా చుట్టుకుని, కర్ర పట్టుకుని గడపగడపకీ పోయి "తిన్నారా?" అని అడగాలి. అందరూ తిన్నామన్నాక, పొద్దు గుంకేలోపు తను కూర్చోవాలి. తప్పితే మిరపతోటలకి నల్ల తామరపురుగు పడుతుందని భయం.

ఆ ఏడు గురవయ్య చీటీ వచ్చింది. గురవయ్య నాగపూర్‌లో ఉన్నాడు. వీరయ్య ఫోను స్పీకరులో పెట్టాడు.

"ఒరేయ్ గురవా, నీకు రాజరికం వచ్చిందిరా."

"మిరప లోడుతో లైన్లో ఉన్నా మామా. వదిలేసి వస్తే మా ఓనరు నాకు అరణ్యవాసం రాస్తాడు."

"అయితే చీటీ మళ్ళీ తీద్దాం," అన్నాడు వీరయ్య.

"ఎందుకు తియ్యటం? నేను చేస్తా," అన్నది మణెమ్మ.

అరుగుమీద ఉన్నవాళ్ళంతా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కిరాణా కొట్టు కోటిలింగం శెట్టిగారు పాగాకీ కర్రకీ కాపలాదారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆడది రాజేందమ్మా?"

"గ్యాసు బండ నా పేరునుంది శెట్టిగారూ. రేషను కార్డు నా పేరునుంది. డ్వాక్రా నా పేరునుంది. రాజరికం ఒక్కటీ వచ్చేసరికి ఆయన నాగపూర్ నుంచి రావాల్నా?"

"అది కాదే," అన్నాడు వీరయ్య, మెల్లగా నవ్వుతూ. "రాజు కడబంతిలో తినాల. నువ్వేమో మొగుడు పళ్ళు తోమేలోపే తినేదానివి."

అందరూ నవ్వారు. మణెమ్మ కూడా నవ్వి, ఆగి, అన్నది: "రాజు ఆఖర్న తింటే ఊరికి ఎంత తక్కువైందో రాజుకి తెలుస్తది మామా. పెళ్ళాం ఆఖర్న తింటే ఎవుడికీ తెలవదు. అందుకని ఇంట్లో ముందు తింటా, బొమ్మ దగ్గర ఆఖర్న తింటా. రెండూ ఒకటే లెక్క."

ఈ లెక్క ఎవరికీ వెంటనే అందలేదు. తప్పు ఎక్కడుందో కూడా అందలేదు. చివరికి వీరయ్య ఒక షరతు పెట్టాడు. మణెమ్మ రాజరికం నిలబెడితే ఇక మీదట ఆడవాళ్ళ పేర్లు కూడా చెంబులో వేస్తారు. నిలబెట్టలేకపోతే గురవయ్య ఇంటి చీటీ కూడా తీసేస్తారు. ఆ సాయంత్రానికి ఆటోలో వచ్చే ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలిసింది. ఆ గుంపులో అందరికంటే తక్కువ మాట్లాడే గౌసియా, "అక్కా, మా పేర్లన్నీ నీ కడుపు మీదున్నయి," అన్నది.

సోమవారం వచ్చింది. పొద్దున లేస్తూనే మణెమ్మకి అలవాటుగా ఆకలేసింది. శెట్టిగారు పాగా తెచ్చి తలకి చుట్టాడు. అది ఏడాదంతా ఆయన కొట్లో ఇంగువ డబ్బాల పక్కన పడుంటుంది. చుట్టీ చుట్టగానే తాలింపు వాసన గుప్పున కొట్టింది.

"శెట్టిగారూ, ఇది పాగానా పులిహోరా?"

"అందరు రాజులూ ఇదే చుట్టుకున్నారమ్మా."

"అందుకే కామాల, ఒక్కడూ పొద్దు గుంకేదాకా ఆగలా."

మొదటి బంతి లేచింది, రెండో బంతి లేచింది. కొర్రన్నం, గోంగూర పప్పు, గుత్తివంకాయ, మజ్జిగ పులుసు. మణెమ్మ ఇంగువ వాసన మోసుకుంటూ వీధి వీధీ తిరిగింది. జనానికి భలే సరదాగా ఉంది. ఎప్పుడూ పక్కవాళ్ళ కంచంలోకి తొంగిచూసి మాటలనే మనిషి దొరికింది గదా!

"తిన్నారా?"

"తిన్నాం రాజా. వంకాయ నోట్లో పెడితే కరిగిపోతంది. నీకు చెప్తే నోరూరుద్దని చెప్పటంలా."

"తిన్నావా బాబాయ్?"

"ఓ, రెండుసార్లు తిన్నా. నీ వంతు కూడా నేనే తిన్నట్టున్నా, చూసుకో."

"రేపు నీ సంగతి చూస్తా. పాగా తియ్యనీ."

మధ్యాహ్నం దాటేసరికి ఊరంతా అయింది. విస్తరి వేయబోతుండగా శెట్టిగారు పరుగున వచ్చాడు.

"ఆగమ్మా, ఆగు! కొండమ్మ తినలేదంట. తిననంటంది."

కొండమ్మ గురవయ్య అన్న పెళ్ళాం. మణెమ్మకి తోడికోడలు. భర్త పోయాక కొడుకూ కోడలితో ఉంటోంది. రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు నాపరాతి గోడ. పదేళ్ళుగా ఆ గోడకి ఈ పక్క మాట ఆ పక్కకి నేరుగా పోలేదు. కొండమ్మ కొడుకు పెళ్ళిలో మణెమ్మ మొదటి బంతిలో కూర్చుని, మాంసం మారు అడిగి వేయించుకుంది. రాజుపాలెం నుంచి ఆలస్యంగా వచ్చిన కొండమ్మ అన్నకి పులుసులో ముక్క దొరకలేదు. ఆయన ఏమీ అనకుండా ఎముక చీకి పోయాడు. ఆ ఏమీ అనకపోవటమే కొండమ్మ మనసులో ముల్లయింది. అప్పట్నుంచి చెప్పదలుచుకున్నదంతా కోళ్ళకి చెబుతోంది. "ఛీ, ముందే వచ్చి మింగే ముండా, పక్కదానికి గింజ మిగల్చవు గదే!" అని గోడ దగ్గర నిలబడి కోడిని తిడుతుంది. మణెమ్మ ఇవతల్నుంచి తన కోడికి జవాబు చెబుతుంది. పాపం, ఆ రెండిళ్ళ కోళ్ళూ తిన్న తిట్లకి గుడ్లు పెట్టటమే గొప్ప.

"ఏమంటంది?" అని అడిగింది మణెమ్మ.

"మొదటి బంతిలో కూర్చునే మనిషి కడబంతిలో ఎంతసేపు కూర్చోగలదో చూస్తానంటంది," అన్నాడు శెట్టిగారు. "మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది."

వీరయ్యకి పెద్ద చిక్కొచ్చిపడింది. మణెమ్మ ఓడిపోవాలని ఆయనకి లోపల కోరిక. పండగ తప్పితే పురుగు పడేది ముందు ఆయన తోటకే. ఎకరాలు ఎక్కువ ఆయనవే. మిరపతోటే గెలిచింది. స్వయంగా కొండమ్మ గుమ్మం దగ్గరికి పోయి, "వదినా, నీ ఇంటి ముందు సిమెంటు రోడ్డు వేయిస్తా, లేచి నాలుగు మెతుకులు తిను," అన్నాడు.

"పోయిన ఎన్నికలప్పుడు వేయించిన రోడ్డు ఏది మరిదీ? దాని మీద నడిచొచ్చి తింటా."

వీరయ్య తిరిగొచ్చేశాడు. తర్వాత శెట్టిగారు నెయ్యి కారుతున్న విస్తరి పట్టుకుని పోయాడు. కొండమ్మ ముసుగు తీయకుండానే అన్నది: "రాజు నోటితో అడగాల. ఊరందరినీ అడిగి నా గడప ఒక్కటీ దాటేసిపోయింది. వార్తలు పంపిస్తే తింటానా? నాకేం సెల్లు లేదా?"

శెట్టిగారు ఆ మాట తెచ్చి చెప్పాడు. ఊరంతా మణెమ్మ వైపు చూసింది. ఆమె బొమ్మ పక్కన కూలబడి ఉంది. పెదాలు తడారిపోయాయి. పాగా ఒక చెవి మీదికి జారింది. ఇందాక వేళాకోళం ఆడినవాళ్ళు కూడా ఇప్పుడు ఆడటంలేదు.

"నేను పోను," అన్నది. "దాని గడప తొక్కి 'తిన్నావా అక్కా' అని అడగాల్నా? కోడి నవ్వుద్ది."

అప్పుడు గౌసియా అన్నది: "అక్కా, తప్పు నీదే. ఆయన కోట మెట్టు మీద నిలబడి అడిగినప్పుడు కోపమున్నవాళ్ళని వదిలేసి అడిగాడా?"

మణెమ్మ కొంచెంసేపు కర్రతో మట్టి గీరింది. పొద్దు గుట్టకి జానెడు ఎత్తున ఉంది. లేచింది. ఒక విస్తరిలో అన్నం, పప్పు, వంకాయ పెట్టించుకుని చేత పట్టుకుని బయలుదేరింది. వెనకే ఊరు. జనమంతా గోడకి ఈ పక్కన మణెమ్మ ఇంటి ముందర నిలబడి, నాపరాళ్ళ మీద చేతులు ఆనించి, తలలు చాపి చూస్తున్నారు. పదేళ్ళుగా కోళ్ళు మాత్రమే దాటే చోటు అది.

తలుపు బార్లా తీసుంది. లోపల కొండమ్మ నవారు మంచం మీద ముసుగుతన్ని ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు. కోడలు వర్షిణి కడుపుతో ఉన్న మనిషి, మొదటి బంతిలో తిని బొమ్మ దగ్గరే ఉండిపోయింది. మణెమ్మ విస్తరి కింద పెట్టటానికి మంచం పక్కన వంగింది. వంగిన మనిషి కొంచెంసేపు లేవలేదు. ఆకలికి కళ్ళు తిరిగాయేమోనని గౌసియా గుమ్మం దాకా పరిగెత్తింది.

"ఏం లేదులే, పాగా జారింది," అన్నది మణెమ్మ. సర్దుకుని నిలబడింది.

"అక్కా, తిన్నావా?"

కొండమ్మ ముసుగు ఇంకాస్త బిగించింది.

"అక్కా, తిన్నావా?"

"తినలా."

 ఇక మణెమ్మ నోరు తెరుస్తుందని, పదేళ్ళ మిరపకాయ ఘాటంతా ఒక్కసారే బయటికి వస్తుందని అందరూ అనుకున్నారు. షబ్బీర్ ఇంకా దగ్గరికి జరిగాడు.

"తినకపోతే లే అక్కా, తిందువుగాని," అన్నది మణెమ్మ. "పప్పు చల్లారిపోతంది."

కొండమ్మ ముసుగు తీసి చూసింది. "అంతేనా? ఇంకేం అనవా?"

"రాజులు తిట్టరంట. పాగా తీసినాక ఆలోచిస్తా. ఆ రోజు మీ అన్నకి ముక్క మిగల్చకపోవటం నా తప్పే. పాగా ఉన్నప్పుడే చెప్పేస్తన్నా, తీసినాక ఒప్పుకోను."

కొండమ్మ లేచి కూర్చుంది. మణెమ్మ మొహం చూసింది, ఎండిన పెదాలు చూసింది. చెయ్యి విస్తరి దాకా పోయి ఆగింది.

"గడపలోకి వచ్చిన మనిషి పస్తుంటే నేనెట్టా తింటానే? నువ్వు ముందు పెట్టుకో ముద్ద."

"నేనెట్టా పెట్టుకుంటా? నువ్వు తిన్నాకే నేను తినాల."

"నా ఇంట్లో అట్టా కుదరదు. ఆకలిగా ఉన్న మనిషి ఎదురుగా నేను తింటే మా పుట్టింటోళ్ళు ఏమనుకుంటారు?"

గోడ దగ్గర కలకలం బయలుదేరింది. రాజు ముందు తినకూడదు. కొండమ్మ ముందు తినదు. పొద్దేమో గుట్టని అంటుకుంది. వీరయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుడి వైపు, మిరపతోట వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏందే ఇది! పదేళ్ళు మాట్లాడుకోకుండా ఉండి, ఇయ్యాల మర్యాదలు మొదలుపెట్టారు!"

"ఇద్దరూ ఒకేసారి పెట్టుకోండి," అన్నది గౌసియా.

అందరూ శెట్టిగారి వైపు తిరిగారు. ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించి, "ముందు తినకూడదన్నారు. కలిసి తినకూడదని ఎక్కడా అనలేదు," అని తీర్పు చెప్పాడు.

ఒకే విస్తరి. ఇద్దరూ చెరో ముద్ద కలిపారు. వీరయ్య గోడ మీద నుంచి లెక్కపెట్టాడు. "ఒకటీ... రెండూ..."

మణెమ్మ వంగినప్పుడు పాగా కొండమ్మ ముక్కు దాకా వచ్చింది. ఇంగువ. "మూడు" అనేసరికి కొండమ్మ ఇల్లదిరేట్టు తుమ్మింది. ఆమె ముద్ద విస్తరిలో పడింది. మణెమ్మ ముద్ద మాత్రం అప్పటికే లోపలికి పోయింది. మింగకుండా ఆపుదామనుకుందో ఏమో, కళ్ళు పెద్దవి చేసింది. పొద్దుటినుంచీ కాచుకున్న గొంతు ఆమె మాట వినలేదు.

"ముందు తిన్నది! రాజు ముందు తిన్నది!" అని ఎవరో అరిచారు. వీరయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. గౌసియా గుమ్మానికి జారగిలబడింది. మణెమ్మ ఏమీ అనలేదు. తలొంచుకుని, చేతికంటిన పప్పు వైపు చూస్తూ కూర్చుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి.

కొండమ్మ ముక్కు తుడుచుకుంది. మణెమ్మని చూసింది. మంచం కిందికి ఒకసారి చూసింది. మళ్ళీ మణెమ్మని చూసింది. గబుక్కున లేచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"రాజు నాకంటే ముందు తినలా," అన్నది గట్టిగా.

"నీ ముద్ద కింద పడటం అందరం చూశాం గదా వదినా?"

"నా కడుపు సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా మరిదీ? నాకంటే ముందు తినలా అంటున్నా. తిననని పట్టుబట్టినదాన్ని నేనే ఒప్పుకుంటుంటే మధ్యలో మీకేంది?"

ఇంకా వాదిస్తే పొద్దు గుంకిపోయేట్టుంది. వీరయ్య తోట వైపు చూసి ఊరుకున్నాడు. మణెమ్మని ఎర్రటి ఎండపొడలో బొమ్మ ముందుకి తీసుకుపోయి కడబంతిలో కూర్చోబెట్టారు. వంకాయ అయిపోయింది. అడుగున మిగిలిన కొర్రన్నం, పలచటి మజ్జిగ పులుసు. ఆమె వంక పెట్టకుండా తిన్నది, మారు అడిగింది, లేదన్నారు.

మరుసటేడు చెంబులో ఆడవాళ్ళ పేర్లు కూడా వేశారు. మొదటి ఏడే ఒక ఆడమనిషికి వస్తుందని అందరూ చూశారు గాని, షబ్బీర్‌కి వచ్చింది. తోడికోడలి మీద జాలిపడి కొండమ్మ అబద్ధం ఆడిందని ఊరు తీర్మానించుకుంది. అక్కడ పుట్టిన ఒక్క ముద్దే నడిచి నడిచి కోడి పలావు అయింది. మణెమ్మని ఎవరెంత ఆటపట్టించినా బర్రెల్ని సాక్ష్యానికి పిలుస్తుందే తప్ప ఇంకో మాట అనదు. మణెమ్మ రాజరికం చేసిన పండగైన నెలకే వర్షిణి శ్రీమంతానికి ఊరి ఆడవాళ్ళంతా కొండమ్మ ఇంటికి పోయారు. మణెమ్మ మొదటి బంతిలో కూర్చుంది. కొండమ్మే దగ్గరుండి వడ్డిస్తూ, "మెల్లగా తినవే, ఎవరూ లాక్కోరు," అని నేరుగా ఆమెనే తిట్టింది. కోళ్ళు ఆ పక్కన హాయిగా తిరుగుతున్నాయి.

కొండమ్మ ఈమధ్యే కోడలితో చెప్పిన సంగతి ఒకటుంది. ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె ఆకలికి ఆగలేక గ్యాసు పొయ్యి వెలిగించి, మునక్కాయ పులుసు కాచుకుని, కడుపునిండా అన్నం తిన్నది. మణెమ్మ వచ్చేసరికి ఆ ఎంగిలి కంచం మంచం కిందనే ఉంది. మణెమ్మ విస్తరి పెట్టటానికి వంగినప్పుడు దాన్ని చూసింది.